ముప్పై అయిదు రాడ్లు

బోరు బండి మీద ముప్పై అయిదు రాడ్లున్నాయి. ఒక్కో రాడ్డు ఇరవై అడుగులు. మొత్తం ఏడు వందల అడుగులు. అంతకన్నా లోతుకు పోవాలంటే కుప్పం నుంచి ఇంకో బండి రావాలి. అది ఆ రోజుకు అయ్యే పని కాదు.

శుక్రవారం పొద్దున ఆరున్నరకు మొదటి రాడ్డు భూమిలోకి దిగింది. సాయంత్రం అయిదు లోపల మదనపల్లె సబ్ కలెక్టరు ఆఫీసులో ఎర్రగుంటపల్లె గ్రామసభ తీర్మానం అందాలి. అందకపోతే కూలీలకు మంజూరైన డెబ్బై రెండు ఇళ్లు ఇంకో మండలానికి వెళ్లిపోతాయి. అందినా అందకపోయినా సోమవారం మున్సిపాలిటీ బుల్డోజరు వచ్చి మదనపల్లెలో వంక గట్టు మీది గుడిసెలన్నీ లాగేస్తుంది.

ఆ గుడిసెల్లో ఒకటి అమరావతిది.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. టమోటా మార్కెట్లో కాయలేరే మనిషి. గంప బోర్లించగానే మచ్చకాయ ఎన్ని, పగులుకాయ ఎన్ని చూపుతోనే చెప్పేస్తుంది. మొగుడు ఓబులేసు అదే మార్కెట్లో హమాలీ. తెల్లవారుజామున మూడింటికల్లా మార్కెట్లో ఉండాలి కాబట్టి దూరంగా ఉండి రాలేరు. దగ్గర్లో ఇంటి అద్దెలు కట్టలేరు. అందుకే పదిహేనేళ్లుగా వంక గట్టు. వాన గట్టిగా కొడితే వంక నీళ్లు గుడిసెలోకి వస్తాయి, పిల్లల్ని భుజాన వేసుకుని మార్కెట్ షెడ్డు కిందికి పరిగెత్తుతారు.

రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి మార్కెట్ కూలీల ఇళ్ల సంఘం పెట్టించింది అమరావతి. ఇళ్లు మంజూరయ్యాయి. పుంగనూరు దారిలో ఎర్రగుంటపల్లె పక్కన నాలుగెకరాల పోరంబోకు చూపించారు. చౌడేపల్లె, పుంగనూరు వైపు నుంచి వచ్చే టమోటా వ్యాన్లు చీకటితోనే ఆ దారిన పోతాయి. వాటిలో ఎక్కితే పనికి అందుకోవచ్చు. ఇక మిగిలింది ఒకటే. ఆ ఊరు ఒప్పుకోవాలి.

నాలుగు నెలలు ఇల్లిల్లూ తిరిగింది. మొదట్లో గడప దగ్గరే నిలబెట్టి మాట్లాడారు. "వంకగట్టోళ్లు వస్తే మా కోళ్లు మిగల్తాయా?" అని ఒకరు. "తాగి పడుంటారంట గదా మీ మొగోళ్లు?" అని ఇంకొకరు. "తాగేది మీ ఊర్లో లేదా అమ్మా?" అని అడిగింది అమరావతి. నవ్వారు. ఆ నవ్వుతో కొన్ని తలుపులు తెరుచుకున్నాయి.

అక్కడే తప్పు చేసింది. ఇంకొంచెం నమ్మకం కలిగిద్దామని ఆ ఊరి ఆడవాళ్లను పదకొండు మందిని బస్సెక్కించి కుప్పం తీసుకుపోయింది. అక్కడ రాతి క్వారీ కూలీలకు కట్టిన ఇళ్లున్నాయి. సున్నం వేసిన గోడలు, వరసగా తలుపులు, ముందర ముగ్గులు. చూసి మురిసిపోతారనుకుంది. వాళ్లు చూసింది గోడల్ని కాదు. వీధి చివర కొళాయి దగ్గర బారుగా పెట్టిన ఖాళీ బిందెల్ని చూశారు. బిందె వరస తప్పిందని ఇద్దరు ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటుంటే చూశారు.

ఎర్రగుంటపల్లెలో ఆరు ఆవులున్న బుజ్జమ్మ అనే ముసలామె, పంచాయతీ వార్డు మెంబరు, తిరుగు బస్సులో ఒకే మాట అంది.

"ఇండ్లు బాగుండాయి. నీళ్లే లేవు. మా ఊరికుండేది ఒక్క బోరు. మీరు డెబ్బై ఇండ్లోళ్లు వచ్చి దాంట్లో మూతి పెడితే మేమేం తాగాల, మా గొడ్లేం తాగాల?"

ఆ రోజుతో కోళ్ల మాట, తాగుడు మాట పోయాయి. నీళ్ల మాట మిగిలింది. వరసగా మూడేళ్ల కరువు అప్పటికి. రెండువేల మూడు ఎండాకాలం. ఊరి బోరు రెండు వందల అరవై అడుగులది, రోజుకు గంటన్నరకు మించి నీళ్లివ్వడం లేదు.

ఎర్రగుంటపల్లె సర్పంచి మునిలక్ష్మమ్మ. కానీ ఆమె సంతకం మాత్రమే పెడుతుంది. మాట్లాడేది ఆమె మొగుడు గోవిందస్వామి. పోరంబోకు పక్కనే అతనికి మూడెకరాలుంది, ప్లాట్లు వేసే ఆలోచనా ఉంది. పక్కన కూలోళ్ల కాలనీ వస్తే ప్లాట్లు ఎవరు కొంటారు? ఆ మాట పైకి అనడు. పోయిన ఆదివారం చావిడి దగ్గర అందరి ముందూ చేయి చాపి అన్నాడు:

"మేం అన్యాయం చేసేవాళ్లం కాదమ్మా. మీ జాగాలో మీరే బోరేసుకోండి. నీళ్లు పడినాయంటే గ్రామసభలో తీర్మానం రాసిస్తాం. పడకుంటే మళ్లా ఈ పక్క రావొద్దు."

ఆ చుట్టుపక్కల మూడేళ్లలో ఆరు బోర్లు వేస్తే ఆరింటిలోనూ దుమ్మే లేచింది. ఆ సంగతి అతనికి తెలుసు. అమరావతికీ తెలుసు. అయినా సరేనంది. సంఘంలో కూడబెట్టినదంతా పెడితే ఒక్క బోరుకు సరిపోయింది. రెండోదానికి ఏమీ లేదు.

ఎక్కడ వేయాలో చెప్పేవాడు మాత్రం వాళ్లలోనే ఉన్నాడు. అంజినప్ప. అరవై అయిదేళ్ల మాజీ హమాలీ. వెన్ను వంగిపోయి బరువు పని మానేసి, అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు చూసే పని చేస్తున్నాడు. టెంకాయ పడుకోబెట్టి చెప్పుల్లేకుండా నేలంతా నడుస్తాడు. కింద జల ఉంటే టెంకాయ లేచి నిలబడుతుంది. పిలిస్తే బైరెడ్డిపల్లె దాకా పోయేవాడు. అలాంటివాడు తన వాళ్ల కోసం చూడమంటే తల అడ్డంగా ఊపాడు.

"నీళ్లు సూసేవాడు సొంతానికి సూసుకోకూడదమ్మా. టెంకాయ అబద్ధం చెప్తాది. మీ లిస్టులో నా పేరుండాది గదా, నలభై ఒకటో నెంబరు. అది కొట్టేయి. అప్పుడు సూస్తా."

"ఊరికే కొట్టేసినట్టు కొట్టేసి మళ్లా రాసుకుందాం లే మామా."

"అట్ల కాదు. ఆఫీసులో కూడా పోవాల. ఇంకొకరికి ఇచ్చేయాల."

సంఘంలో డెబ్బై మూడో మనిషి ఒకామె ఎప్పటినుంచో ఏడుస్తోంది, తనకు రాలేదని. ఆమె పేరు ఎక్కింది. అంజినప్ప పేరు పోయింది. మంగళవారం అతను ఆ నాలుగెకరాలూ మూడుసార్లు నడిచాడు. ఒక్కచోట టెంకాయ నిటారుగా లేచింది. అక్కడ గుంజ పాతాడు.

ఇప్పుడు ఆ గుంజ ఉన్నచోటే బోరు బండి ఊగుతోంది.

పది గంటలకు పద్నాలుగో రాడ్డు. తెల్లటి రాతి దుమ్ము మేఘంలా లేచి షామియానా మీద పడుతోంది. గ్రామసభ అక్కడే పెట్టారు. పంచాయతీ సెక్రటరీ మినిట్స్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, దుమ్ము పడకుండా పైన తువాలు కప్పాడు. ఊళ్లోవాళ్లు నూటయాభై మంది దాకా వచ్చారు. ఒక పక్క వాళ్లు, ఇంకో పక్క ఆ రోజుకు మార్కెట్ పని మానుకుని వచ్చిన కూలీలు. మధ్యలో బండి.

"ఏమ్మా, కూర్చో," అన్నాడు బండి నడిపే మణికంఠ. కుప్పం వాడు. మొహమంతా దుమ్ము, పళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. "నువ్వు నిలబడుకుంటే నీళ్లు బిరీన రావు."

"నువ్వు పని సూడప్పా."

"పని బండే సేస్తాంది. నేను ఊరికే బీడీ తాగేదానికుండా."

పదకొండున్నరకు ఇరవై రెండు. దుమ్ము. పన్నెండుకు ఇరవై అయిదు. దుమ్ము. ఊరివాళ్ల పక్క కుర్రవాళ్లు పందేలు కాస్తున్నారు. గోవిందస్వామి కుర్చీలో వెనక్కు వాలి వక్కాకు నములుతున్నాడు.

"ఏం ఓబులేసా, మీ టెంకాయ స్వాములోరు నిద్రపోతాండాడే!" అని అరిచాడు ఎవడో. ఊరి పక్కంతా నవ్వింది.

అంజినప్ప నిద్రపోవడం లేదు. కళ్లు మూసుకుని అరికాళ్లు నేలకు ఆనించి కూర్చున్నాడు. అమరావతి అతని దగ్గరకు వెళ్లి వంగింది.

"మామా, ఉండాయా?"

"ఉండాయి."

"ఎంత లోతులో?"

"అది టెంకాయ చెప్పదమ్మా."

ఒంటిగంటకు ముప్పై రాడ్లు దిగాయి. అమరావతి నోరు ఎండిపోయింది. తాగడానికి బుద్ధి కాలేదు. ముప్పై ఒకటి. ఓబులేసు తలకు కట్టుకున్న తువాలు విప్పి మొహం దాచుకున్నాడు. ముప్పై రెండు. గోవిందస్వామి లేచి నిలబడి ఒళ్లు విరుచుకున్నాడు. "సెక్రటరీ సార్, సభ అయిపోయిందని రాసుకోండి. అన్నానికి పోదాం."

"ఇంకా మూడు రాడ్లుండాయి," అంది అమరావతి.

"ఉంటే ఏమి? ఆ మూడూ వేసినా అదే దుమ్ము."

"అవి కూడా దిగాలప్పా. నువ్వు కూర్చో."

అతన్ని అలా కూర్చోమన్నవాళ్లు ఆ ఊళ్లో లేరు. అతను కూర్చోలేదు, కానీ పోలేదు కూడా.

ముప్పై మూడు దిగింది. దుమ్ము.

ముప్పై నాలుగో రాడ్డు సగానికి పోయాక బండి శబ్దం మారింది. మణికంఠ బీడీ పారేశాడు. లేచే దుమ్ము తెలుపు నుంచి బూడిద రంగుకు తిరిగింది. ఆ తర్వాత బురద చిమ్మింది. ఒక క్షణం ఏమీ లేదు. అంతలో బోరు నోట్లో దించిన కేసింగు పైపు అంచు నుంచి నీళ్లు రాడ్డు చుట్టూ తాటిచెట్టంత ఎత్తు లేచి, షామియానా మీద, పుస్తకం మీద, గోవిందస్వామి తెల్ల చొక్కా మీద దబదబా పడ్డాయి.

కూలీల పక్క నుంచి ఏడుపో అరుపో తెలియని కేక లేచింది. ఓబులేసు బురదలో కూర్చుండిపోయాడు. ఆడవాళ్లు అంజినప్ప కాళ్ల మీద పడబోతే అతను కాళ్లు ముడుచుకున్నాడు.

"రెండించుల నీళ్లు!" అన్నాడు మణికంఠ. "ఈ పక్కన నేనే యాడా సూళ్లేదు."

టైము రెండు కావడానికి పది నిమిషాలు. సెక్రటరీ పుస్తకం తుడుచుకుని తీర్మానం రాశాడు. చేతులెత్తమంటే ఊళ్లో సగం పైగా ఎత్తారు. ఇక వార్డు మెంబర్ల సంతకాలు. తొమ్మిది మందిలో అయిదుగురివి ఉండాలి. నలుగురు పెట్టారు. మిగతా నలుగురు గోవిందస్వామి మనుషులు, అన్నానికని లేచిపోయారు. పిలిస్తే తిరిగి చూడలేదు.

"నేను మాట తప్పలేదే," అన్నాడు గోవిందస్వామి చొక్కా పిండుకుంటూ. "సభ ఒప్పుకునింది. మెంబర్లకు కడుపు కాలితే నేనేం సేయాల?"

తొమ్మిదో మెంబరు బుజ్జమ్మ. ఆవులకు నీళ్లు పెట్టాలని పన్నెండింటికే ఇంటికి పోయింది. అమరావతి పుస్తకం, సిరాదిండు సంకన పెట్టుకుని ఊళ్లోకి పరిగెత్తింది.

బుజ్జమ్మ ఇంట్లో లేదు. ఊరి బోరు దగ్గర ఉంది. మోటారు ఆడుతోంది. ఆరు ఆవులూ తొట్టి దగ్గర నిలబడి మూతులు ఎత్తుకుని చూస్తున్నాయి. తాగడం లేదు.

కొళాయి నుంచి వస్తున్నవి బూడిద రంగు నీళ్లు. నురగతో, రాతి పొడితో. మధ్య మధ్య గాలి బుస్సుమంటోంది. అమరావతి అక్కడే ఆగిపోయింది. ఆ రంగు ఆమె పొద్దుటి నుంచీ చూస్తున్న రంగు. ఆ పొడి తన జుట్టులో, కనురెప్పల మీద ఉన్న పొడి.

రెండు బోర్లదీ ఒకే జల.

ఇప్పుడు ఈ పుస్తకం మీద వేలిముద్ర వేయించుకుని పోతే అయిదు లోపల మదనపల్లెలో ఉంటుంది. ఊళ్లో మిగతావాళ్లంతా బోరు బండి దగ్గరే ఉన్నారు. ఈమెకు చూపు సరిగా ఆనదు. మోటారు పాతదైంది, తుప్పు వస్తోంది అంటే సరిపోతుంది. రేపటికి నీళ్లు తేరుకోవచ్చు. తేరుకోకపోవచ్చు. అప్పటికి కాగితం ఆఫీసులో ఉంటుంది. అమరావతి నోరు తెరిచింది. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది.

"ఏమి, అంత ఆలోచన సేస్తాండావు?" అంది బుజ్జమ్మ. దోసిట్లో నీళ్లు పట్టి వేళ్ల మధ్య నలిపి చూసుకుంటోంది. "కండ్లు కనపడకుంటే ఏమి, సేతికి తెలీదా? రాయి పిండి. మీ బండిలో పిండి. మీ టెంకాయ ముసలోడు నీళ్లుండేది సెప్పినాడు గానీ అవి ఎవురి నీళ్లో సెప్పలేదే."

బుజ్జమ్మ దోసిట్లో నీళ్లు పారబోసింది.

"నేనిప్పుడు ఆడికొచ్చి ఈ సంగతి సెప్తే మీ ఇండ్లు లేవు. సెప్పకుంటే నా ఆవులు లేవు. ఏం సేద్దామో నువ్వే సెప్పు. సంఘం పెట్టినదానివి."

"నాకు తెలీదు పెద్దమ్మా. సోమవారం మా గుడిసె పీకేస్తారు. నాకు అంతే తెలుసు."

బుజ్జమ్మ మోటారు ఆపింది.

"ఈ బోరు ఎట్లాగూ సచ్చిపోతాండాది. పోయిన ఎండాకాలం మూడు గంటలు ఆడె. ఈ ఏట గంటన్నరే. మీరు రాకున్నా వచ్చే ఏటికి దుమ్మే. మీది ఏడు నూర్ల అడుగులు. జల అడుగున పట్టుకునింది. ఆ బోరు ఊరిది కావాల. ఊరి పేరు మీద రాయించు. మోటారు బీగం నా దగ్గరుండాల. ముందు ఊరికి, గొడ్లకు. మిగిలితే మీకు. అట్లయితే వేలేస్తా."

"అది మా వాళ్లందరి కష్టం పెద్దమ్మా. నేనొక్కదాన్ని ఇచ్చేదానికి..."

"అయితే పోయి అడుగు. ఒక్కొక్కర్నీ. సాయంత్రం దాకా టైముండాది గదా."

ఆమె ఎగతాళి చేస్తోందో నిజంగానే అంటోందో అమరావతికి తెలియలేదు. టైము రెండుంబావు. డెబ్బై రెండు కుటుంబాల సొమ్ము, అంజినప్ప ఇల్లు, పొద్దుటి నుంచి దిగిన ముప్పై నాలుగు రాడ్లు. ఎవరినీ అడగకుండా, ఆవుల తొట్టి పక్కన నిలబడి, వాటన్నిటినీ ఒక్క మాటతో ఇచ్చేసింది.

"సరే పెద్దమ్మా. ఇస్తా."

"నాతో కాదు. ఆడ అందరి ముందర సెప్పు. అప్పుడేస్తా వేలు."

వాళ్లు తిరిగి వచ్చేసరికే ఎవరో కుర్రాడు సైకిల్ మీద వచ్చి ఊరి కొళాయి సంగతి చెప్పేశాడు. షామియానా ఒక గుంజ పక్కకు ఒరిగి ఉంది. ఊళ్లోవాళ్లు, కూలీలు ఒకరి మొహం మీద ఒకరు అరుచుకుంటున్నారు. చేతులెత్తినవాళ్లే ఇప్పుడు రాళ్లెత్తారు.

"పూడ్చేయండ్రా!" అంటున్నాడు గోవిందస్వామి. ఈసారి అతను నటించడం లేదు, అతని మొహంలోనూ భయమే ఉంది. "మన నీళ్లు తాగేదానికి వచ్చినారు. బండలేసి పూడ్చేయండి!"

బోరులో ఒక్క బండ పడితే చాలు. బిగుసుకుపోతుంది. తీసేవాడు ఉండడు. రాడ్లు అప్పటికే పైకి తీసేశారు, కేసింగు పైపు నోరు తెరుచుకుని ఉంది. మణికంఠ అడ్డం నిలబడ్డాడు కానీ ఇద్దరు అతన్ని పక్కకు లాగేశారు. ఒకడు రెండు చేతులతో బండ ఎత్తాడు.

అమరావతి పుస్తకాన్ని బుజ్జమ్మ చేతిలో పెట్టి పరిగెత్తింది. బురదలో జారి పడింది. లేచింది. పోయి ఆ కేసింగు పైపు నోటి మీద కూర్చుంది.

బండ ఎత్తినవాడు అలాగే ఆగిపోయాడు.

"లేయ్ మే!"

"లేయను. వేసేది ఉంటే నా మీద వెయ్యి."

పైపు అంచు తొడలకు కోసుకుంటోంది. కింద నుంచి చల్లటి గాలి చీరలోకి కొడుతోంది. ఏడు వందల అడుగుల లోతు మీద కూర్చుని అమరావతి అరిచింది.

"ఈ బోరు మాది కాదు! ఊరికి ఇచ్చేసినా! బీగం బుజ్జమ్మ దగ్గరుంటాది. ముందు మీరు తాగండి. మీ గొడ్లు తాగనీండి. మిగిలిందే మాకు. తీర్మానంలో అట్లే రాయమనండి సెక్రటరీని!"

ఇప్పుడు అరుపు కూలీల పక్క నుంచి లేచింది. అందరికన్నా ముందు ఓబులేసు.

"ఎవర్నడిగి ఇచ్చినావు? మూటలు మోసినోళ్లం మేము. నా వీపు సూడు. దీంతో తెచ్చిన దుడ్డది! రేప్పొద్దున గుక్కెడు నీళ్లకు వీళ్ల కాళ్లు పట్టుకోవాల్నా?"

"పట్టుకుందాం."

"సిగ్గులేదా నీకు?"

"లేదు. పదిహేనేండ్లుగా మన బిడ్డలు తలుపు లేని గుడిసెలో పండుకుంటాండారు. నాకు సిగ్గు యాడిది?"

ఓబులేసు తువాలు నేలకేసి కొట్టి పక్కకు పోయాడు. కానీ మిగతావాళ్లు ఊరుకోలేదు. సంఘం నీ సొంతమా అని ఒకామె, లోపల ఏమో మాట్లాడుకున్నారని ఇంకొకడు. ఊళ్లోవాళ్లేమో, ఇప్పుడు ఇస్తామంటారు, ఇండ్లు కట్టుకున్నాక బీగం పగలగొడతారని. రెండు పక్కలా ఆమెను నమ్మినవాళ్లు లేరు. బండ ఎత్తినవాడు దాన్ని ఇంకా దించలేదు.

అప్పుడు అంజినప్ప లేచాడు. వంగిన నడుముతోనే జనం మధ్యకు వచ్చాడు.

"నా మాట వినండప్పా. నాకు ఈడ ఇల్లు లేదు."

"నీకు లేకపోయేదేందప్పా? మొత్తం తెచ్చింది నువ్వే గదా!" అన్నాడు గోవిందస్వామి.

"లేదు. సెక్రటరీ సారు దగ్గర లిస్టుండాది. సూసుకో."

సెక్రటరీ లిస్టు తీశాడు. నలభై ఒకటో నెంబరు దగ్గర వేలు పెట్టాడు. వేరే పేరు. కిందా పైనా వెతికాడు. అంజినప్ప పేరు ఎక్కడా లేదు. నీళ్లు చూసేవాడు సొంతానికి చూసుకోకూడదన్న సంగతి ఆ ఊళ్లో అందరికీ తెలుసు. బండ ఎత్తినవాడు దాన్ని మెల్లిగా నేల మీద పెట్టాడు.

"నాకు మీరూ ఒకటే, వాళ్లూ ఒకటే. అందుకే సెప్తాండా. ఈ నేలలో జల ఒక్కటే. మీ బోరు దాన్ని పైన పట్టుకునింది. ఇది అడుగున పట్టుకునింది. ఇది పూడిస్తే జల మళ్లా పైకి రాదు. రెండూ పోతాయి. నీళ్లు దాసుకునేది మీ సేతిలో లేదు. పంచుకునేదే ఉండాది."

గోవిందస్వామి ఏదో అనబోయాడు. అతని పెళ్లాం మునిలక్ష్మమ్మ, ఆ సభలో అంతవరకూ నోరు విప్పని సర్పంచి, అతని చొక్కా వెనక నుంచి లాగింది.

"సాల్లే. ఇంట్లో కుండల్లో ఈ పూటకే ఉండాయి నీళ్లు. సార్, యాడ పెట్టాల్నో సెప్పండి సంతకం."

సెక్రటరీ తీర్మానం కింద ఇంకో నాలుగు వరసలు రాశాడు. బోరు పంచాయతీది. బీగం బుజ్జమ్మది. ఊరి తర్వాతే కాలనీకి. సర్పంచి సంతకం పెట్టింది. బుజ్జమ్మ సిరాదిండు మీద వేలద్ది, పుస్తకం మీద గట్టిగా నొక్కింది. కూలీలలో కొందరు మొహాలు తిప్పుకున్నారు. ఒకామె అమరావతి వైపు చూసి నేల మీద ఉమ్మేసింది.

మూడూ నలభై.

బస్సు రాలేదు. మార్కెట్ నుంచి ఖాళీ గంపలతో వస్తున్న వ్యానును మణికంఠ రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆపి, బతిమాలి మదనపల్లె వైపు తిప్పించాడు. సెక్రటరీ ముందర, అమరావతి వెనక గంపల మధ్య. ఓబులేసు ఎక్కలేదు. మదనపల్లె మొదట్లో మార్కెట్ చెక్‌పోస్టు గేటు వేసి ఉంది, ముందర లారీల వరస. గేటు ఇవతల పన్నెండు నిమిషాలు. అమరావతి వ్యాను దిగి, బురద చీరతో, పుస్తకం తల మీద పెట్టుకుని గేటు కిందుగా దూరి పరిగెత్తింది. సెక్రటరీ వెనకాల "అమ్మా, నా సీలు!" అని అరుస్తూ పరిగెత్తాడు.

అయిదుకు నాలుగు నిమిషాలుండగా సబ్ కలెక్టరు ఆఫీసులో గుమాస్తా తలెత్తి ఆమెను చూశాడు. పుస్తకం మీద బురద చూశాడు. ఏమీ అడగకుండా ఇన్‌వర్డ్ ముద్ర కొట్టాడు.

ఆమె బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. చీర మీద ఎండిన బురదను గోళ్లతో గీకింది.

వంక గట్టుకు పోవాలనిపించలేదు. పోతే అక్కడ ఎవరూ మాట్లాడరు. పుంగనూరు బస్సెక్కి ఎర్రగుంటపల్లె దగ్గర దిగింది. పొద్దు వాలుతోంది. బోరు బండి వెళ్లిపోయింది. కేసింగు పైపుకు గోనెసంచి కట్టి ఉంది. పైపు చుట్టూ మడుగు కట్టిన నీళ్లు తేరుకున్నాయి. బుజ్జమ్మ ఆవుల్ని అక్కడికే తోలుకుని వచ్చింది. తలలు వంచి తాగుతున్నాయి.

"ఇచ్చినావా?" అంది బుజ్జమ్మ తిరిగి చూడకుండానే.

"ఇచ్చినా."

"ఎప్పుడొస్తారు మీరు?"

"గుడిసెలు సోమవారం పీకేస్తారు. గోడలు లేసేదాకా ఈడనే టార్పాలిన్లు కట్టుకోని ఉంటాం. వచ్చేవాళ్లు ఎంతమందో తెలీదు. నా మొగుడే వస్తాడో రాడో."

"వస్తారు. యాడికి పోతారు?" ఆమె కర్రతో ఒక ఆవును పక్కకు తోసింది. "మా మోటారు ఎత్తి రేపు దీంట్లో దించుతారు. మీకు సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా వదుల్తా. బిందెలు ముందే కడిగి పెట్టుకోండి. వరసలో కొట్లాడుకుంటే ఆపేస్తా."

"మేం మార్కెట్ నుంచి వచ్చేదే అయిదున్నర పెద్దమ్మా. డెబ్బై రెండు ఇండ్లు. అరగంటలో ఎట్లయితాది? ఏడు దాకా వదులు."

"ఏడు దాకనా? ఆరుంబావు."

"ఆరూ ముప్పావు."

"ఊర్నంతా మీకే రాసియ్యమంటావా ఏమి?" బుజ్జమ్మ ఈసారి తిరిగి చూసింది. ఎదురుగా ఉన్న మనిషి ఆ ఎండలో పొద్దుటి నుంచి ఏమీ తాగలేదని ఆమెకు కనబడిందో, వినబడిందో. మడుగులో అంచు నీళ్లు పక్కకు నెట్టి తేట నీళ్లు చెంబుతో ముంచి చాపింది. "ముందు ఇది తాగు. ఆరున్నర. దాని పైన ఒక్క నిమిషం లేదు."

అమరావతి చెంబు అందుకుని ఎత్తింది. నీళ్లలో ఇంకా రాతి పొడి రుచి ఉంది.